వెలుపలి చీకటి పట్టికలో పదిహేను వరుసలు

అపియా పోలీసు స్టేషను, వెనక గది. 2023 అక్టోబరు 16, సోమవారం, ఉదయం 9.40. రాసుకుంటున్నవారు సార్జెంటు ఫైమాలో.

నా పేరు పెనియామినా లౌలు. తండ్రి లౌలు ఇయోసెఫో. వయసు యాభై మూడు. నివాసం వాయిమోసో. ఆదివారాలు మా చర్చిలో బోధకుణ్ణి. దానికి జీతం లేదు, నేను ఏ వేదాంత కళాశాల గడపా తొక్కలేదు. మిగతా రోజులు ఓటో వాల్టర్ అనే ఆయన అద్దె ఇళ్ళ కంపెనీలో గుమాస్తాని. నన్ను ఎవరూ కొట్టలేదు, బెదిరించలేదు. కోకో ఇచ్చారు. నీళ్ళగా ఉంది. ఇక్కడ చెప్పేదంతా నా ఇష్టపూర్వకంగా చెబుతున్నాను.

నా మీద వచ్చిన ఫిర్యాదు చదివి వినిపించారు. కంపెనీ రహస్య కాగితాలు దొంగిలించి నిన్న ఆదివారం ఉదయం ఆరాధనలో నూట ఎనభై మంది ముందు చదివానట. దొంగిలించలేదు. అచ్చు తీశాను, కాగితం నా డబ్బుతో కొన్నది. చదివిన మాట నిజం. మళ్ళీ చదవమంటే ఈ స్టేషను మెట్ల మీద నిలబడి చదువుతాను.

ఎందుకు చదివానో అర్థం కావాలంటే ముందు పట్టికల సంగతి చెప్పాలి. సార్జెంటుగారు "క్లుప్తంగా" అన్నారు. క్లుప్తంగా చెప్పడం నాకు రాదు, మా చర్చిలో ఎవరినైనా అడగండి.

ఓటోగారికి వైతేలేలో ముప్పై ఒక్క ఇళ్ళున్నాయి. ఒక్క దానికీ వాననీళ్ళు పోయే దారి లేదు. రెండేళ్ళ కిందటి దాకా ఆయన లెక్కలన్నీ కంప్యూటరులో ఒకే పొడుగాటి కాగితంగా ఉండేవి. అందులో ప్రతి ఇంటి ఎదురుగా "బాకీ" అని ఒక గడి. ఆ గడిలో ఓటోగారు తనకు తోచిన అంకె కొట్టేవారు. లేఖనంలో ఒక దొంగ గృహనిర్వాహకుడు ఉన్నాడు, యజమాని బాకీదార్లను పిలిచి వంద ఉన్నచోట యాభై రాసుకోమన్నాడు. వాడికైనా తగ్గించే బుద్ధి ఉంది. ఓటోగారికి పెంచడం ఒక్కటే తెలుసు.

2021 నవంబరులో ఆక్లండ్ నుంచి ఒక సలహాదారు వచ్చాడు. మెడలో కార్డు, కాళ్ళకు మేజోళ్ళు, మా ఎండలో. డేటాబేసు కట్టిపెడతాను, మా డబ్బులో తొమ్మిది వేల తాలా ఇవ్వమన్నాడు. "ముందు ప్రతి అద్దెదారుకీ ఒక నంబరు ఇవ్వాలి" అన్నాడు.

"నంబరు మనుషులకా, పందులకా?" అని అడిగాను. దావీదు రాజు జనాన్ని లెక్కపెట్టించినందుకు డెబ్బై వేల మంది తెగులుకు పోయారని అతనికి చెప్పాను. కాపరి తన గొర్రెల్ని పేరు పెట్టి పిలుస్తాడు, అంకె పెట్టి కాదు అని కూడా చెప్పాను. అతను ఓటోగారి వైపు చూశాడు. ఓటోగారు నవ్వారు, నా మాట నచ్చి కాదు, నేను ఆరు వందలకే చేస్తానన్నానని. ఆ సలహాదారు మర్నాడే విమానం ఎక్కాడు.

నేను చదువుకున్నది ఒకే ఒక్క పుస్తకం. న్యూజిలాండు నుంచి చర్చికి విరాళంగా వచ్చిన పెట్టెలో దొరికింది. మొదటి నలభై పేజీలు చెదలు తినేశాయి. నలభై ఒకటో పేజీ నుంచి నేర్చుకున్నాను. దీన్ని సాకుగా చెప్పడం లేదు, అడిగారు కాబట్టి చెబుతున్నాను.

నేను కట్టినవి నాలుగు పట్టికలు. మొదటిది ఇళ్ళది: ఇంటి నంబరు, అద్దె ఎంత, ఏ రోజు కట్టాలి. రెండోది అద్దెదార్లది: ఎవరు, ఏ ఇంట్లో, ఎప్పటి నుంచి. మూడోది చెల్లింపులది: ఏ తేదీన, ఎవరు, ఎంత, రసీదు నంబరు. బాకీ అనే గడి ఎక్కడా పెట్టలేదు. బాకీ రాసుకునేది కాదు. కట్టాల్సినది ఒక పక్క, కట్టినది ఒక పక్క చూసి యంత్రమే అప్పటికప్పుడు తేల్చి చెప్పాలి. ఓటోగారి వేలికి ఇక చోటు లేదు. ఇంకొకటి, చెల్లింపుల పట్టికలో ఒకసారి పడ్డ వరుసను ఎవరూ తుడవలేరు, నేను కూడా. పొరపాటు జరిగితే దాని కింద ఇంకో వరుస రాసి దిద్దాలి. పాతది అలాగే కనిపిస్తూ ఉండాలి. ఈ ఒక్క నియమం కోసం ఓటోగారితో పదకొండు రోజులు పోట్లాడాను. రాసింది తుడవకూడదు.

ప్రతి చెల్లింపునూ దాని అద్దెదారుకు కలపడానికి ఒక తాళంచెవి కావాలి. పుస్తకంలో కూడా ఆ మాటే ఉంది, కీ అని. చెల్లింపులోని చెవి అద్దెదార్ల పట్టికలో ఒక తలుపు తెరవాలి. తెరిస్తే ఆ డబ్బు ఆ మనిషి పేరున పడుతుంది. ఏ తలుపూ తెరవని చెల్లింపులను నాలుగో పట్టికలో పడేశాను. దానికి నేను పెట్టిన పేరు "వెలుపలి చీకటి". పెళ్ళివిందుకు తగిన బట్టలు లేకుండా వచ్చినవాణ్ణి ఎక్కడికి తోశారో అక్కడికి. పేరు కూడా సరిగ్గా చెప్పలేని సోమరులు అందులో పడతారనుకున్నాను. నేను ఆ పట్టికను ఎప్పుడూ తెరిచి చూడలేదు. ఈ నాలుగు పట్టికల్లో ఎక్కడా తప్పు లేదు.

పదిహేడో నంబరు ఇంట్లో ఉంటున్నది విలియాము ఆసో, భార్య ఎసెటా, నలుగురు పిల్లలు, ఆయన తల్లి. ఆయన ఓడరేవులో లారీ నడుపుతాడు. రెండు వారాలకోసారి గురువారం జీతం, గురువారమే రెండు వందల తాలా అద్దె. 2023 మార్చి 11, శనివారం, సవాయీ దీవిలో వాళ్ళ ఊళ్ళో ఆయనకు కుటుంబ పట్టం కట్టారు. తౌలేఆలో అన్నది ఆ పట్టం పేరు, కాబట్టి అప్పటి నుంచి ఆయన పేరు తౌలేఆలో విలియాము. పట్టం కట్టిన మనిషిని ఆ తర్వాత పాత పేరుతో పిలవడం ఆ కుటుంబాన్ని తిట్టినట్టు. తన నోటితో తానే పాత పేరు చెప్పుకోవడం అంతకన్నా తప్పు. మార్చి 16న కంపెనీ కిటికీ దగ్గర డబ్బు తీసుకునే ఫెతూ "పేరు?" అని అడిగింది. ఆయన కొత్త పేరు చెప్పాడు. ఆమె కొత్త పేరే కొట్టి రసీదు ఇచ్చింది. ఆ తర్వాత పద్నాలుగు జీతం గురువారాలూ అంతే. పదిహేను రసీదులు, మూడు వేల తాలా.

అక్టోబరు 6, శుక్రవారం, సాయంత్రం నాలుగు దాటాక ఎసెటా మా ఇంటికి వచ్చింది. ఎల్లుండి పిల్లల ఆదివారం, పిల్లలకు తెల్లబట్టలు వేసే పండుగ, ఆమె మెడలో ఇంకా తెల్లదారం వేలాడుతోంది, రవికకు సూది గుచ్చి ఉంది. ఒక చేతిలో ఇల్లు ఖాళీ చేయమన్న నోటీసు. రెండో చేతిలో బిస్కెట్ల డబ్బా. డబ్బాలో పదిహేను రసీదులూ ఆ తెల్లదారంతోనే దండ గుచ్చి ఉన్నాయి.

"బోధకుడుగారూ, చదవండి" అంది.

చదివాను. మార్చి నుంచి అద్దె బాకీ. ఇరవయ్యో తేదీన కోర్టు.

"ఫెతూ ఏదో పొరపాటు చేసి ఉంటుంది" అన్నాను.

"ఫెతూ మా ఆయన చెప్పిన పేరే కొట్టింది, అది పొరపాటా? ఆదివారం మీరే లేచి, తౌలేఆలో, ప్రార్థన చేయించండి అంటారు. గురువారం మీ కంప్యూటరు పెట్టెకి ఆయనెవరో తెలియదంట. ఆదివారం ఒక బోధకుడు, గురువారం ఒక బోధకుడా?"

"అమ్మా, పట్టిక తప్పు చెప్పదు."

"అయితే నా దండ తప్పు చెబుతోందా?"

ఆ మాట ఆమె గట్టిగా అనలేదు. డబ్బా మా బల్ల మీద పెట్టి, మూత వేసి వెళ్ళిపోయింది. మా ఆవిడ తినమని ఇచ్చిన టారో దుంప కూడా ముట్టలేదు. ఇది ఎందుకు చెబుతున్నానో నాకే తెలియదు. మూత వేసి వెళ్ళింది.

అక్టోబరు 10, మంగళవారం, ఉదయం 8.15కి కంపెనీలో మొదటిసారి వెలుపలి చీకటి పట్టిక తెరిచాను. అందులో ఇరవై రెండు వరుసలు ఉన్నాయి. పదిహేను తౌలేఆలో విలియామువి. 9.20కి ఆ వరుసలు ఒక కాగితం మీద రాసుకుని ఓటోగారి గదిలోకి వెళ్ళాను. బల్ల మీద పానికేకే, అంటే నూనెలో వేయించిన పిండి ఉండల పొట్లం. ఆ నూనె వేళ్ళతోనే నా కాగితం తిప్పారు.

"పెని, ఈ నాలుగో పట్టిక చెరిపెయ్."

"చెరపడం కుదరదు. అలా కట్టలేదు."

"కట్టింది నువ్వేగా. విప్పు."

"ఇందులో పదిహేడో ఇంటాయన కట్టిన పదిహేను వాయిదాలున్నాయి."

"ఎవరు, ఈ తౌలేఆలోనా? ఎవరాయన?"

"మీకు తెలుసు. పోయిన క్రిస్మస్‌కి మీ పందుల్ని ఆయన లారీలోనే తెచ్చుకున్నారు. కిరాయి కూడా ఇవ్వలేదు."

"నాకు తెలిసింది విలియాము ఆసో. వాడు మార్చి నుంచి ఒక్క తాలా కట్టలేదు. నేననడం కాదు, నీ పట్టిక అంటోంది. నీ పట్టిక అబద్ధమాడదని ఊరంతా చాటుకు తిరిగావు కదయ్యా."

"రసీదులున్నాయి."

"పట్టం పేర్లు వీధికి పది. ఏ తౌలేఆలో ఏ ఇంటికి కట్టాడో నాకేం తెలుసు? నీ పట్టికే నా సాక్షి, పెని. పో, పోయి పని చూసుకో."

పట్టాల మీద ఓటోగారికి ఈ కడుపుమంట ఎందుకో చెప్పాలి. ఆయనకు పట్టం లేదు. రెండు ఊళ్ళలో అడిగించుకున్నారు. రెండు ఊళ్ళూ ఆయన పంపిన పందిని తిని మూతి తుడుచుకున్నాయి. ఇక పదిహేడో ఇల్లు ఎందుకు కావాలో కూడా నాకు తెలుసు. న్యూజిలాండు నుంచి తిరిగొస్తున్న ఒక కుటుంబం దానికి మూడు వందల ఎనభై ఇస్తామంది. ఆ ఉత్తరం ఆయన బల్ల మీదే, పానికేకే పొట్లం కింద ఉంది. నూనె మరకలో కూడా అంకె కనిపించింది. పొరుగువాడు నాబోతు ద్రాక్షతోట మీద కన్నేసిన అహాబు రాజు, అది దక్కనప్పుడు కనీసం అలిగి మంచమెక్కి అన్నం మానేశాడు. ఈయన తింటూనే ఉన్నారు.

ఆ రోజు మధ్యాహ్నం పదిహేను వరుసలూ అచ్చు తీశాను.

నిన్న, అక్టోబరు 15న, తొమ్మిది గంటల ఆరాధనలో ప్రసంగం నాది. ఓటోగారు ఎప్పటిలాగే మొదటి వరుసలో, పంకా కింద, తెల్లకోటుతో. మరణించిన చిన్నా పెద్దా అందరూ సింహాసనం ముందు నిలబడితే పుస్తకాలు విప్పుతారు కదా, ఆ భాగం తీసుకున్నాను. తర్వాత నా పుస్తకం విప్పాను. "మార్చి పదహారు, తౌలేఆలో విలియాము, రెండు వందలు, రసీదు 4417. మార్చి ముప్పై, తౌలేఆలో విలియాము, రెండు వందలు." ఇలా పదిహేనూ చదివాను. అయిదో దానికి ఆడవాళ్ళ విసనకర్రలు ఆగాయి. తొమ్మిదో దానికి వెనక నుంచి ముసలి సంఘపెద్ద ఒకాయన, "ఇది ప్రసంగమా, బ్యాంకు పుస్తకమా?" అని గొణిగారు. ఆయన భార్య "ఉండవయ్యా, ఇప్పుడే బావుంది" అంది. పదిహేనోది అయ్యాక ఓటోగారు లేచి వెళ్ళిపోయారు. విలియాము తల వంచుకుని కూర్చున్నాడు. ఎసెటా నన్నే చూస్తోంది. నేను గెలిచాననుకున్నాను.

ఇక్కడ సార్జెంటుగారు రాయడం ఆపి, ఓటోగారు ఫిర్యాదుతో పాటు ఇచ్చిన ఫైలు లోంచి ఒక కాగితం తీసి చూపించారు.

"ఇది మీ సంతకమేనా, బోధకుడుగారూ?"

చూశాను. 2022 జనవరి 10 తేదీ. "ఈ పట్టికల్లో ఏ తప్పూ లేదు, ఇవి చూపే బాకీయే సరైన బాకీ" అని ఉంది. నా సంతకమే. అప్పుడు ఎవరూ అడగలేదు, నేనే రాసిచ్చాను.

"శుక్రవారం కోర్టులో వాళ్ళ వకీలు పెట్టేది ఇదే. నిన్నటి మీ పదిహేను వరుసలు ఇంకెవరో తౌలేఆలో అనే ఆయనవి అంటాడు. ఈ కాగితం చూపించి, తప్పు లేని పట్టికలో విలియాము ఆసో బాకీ ఉన్నాడు అంటాడు. ఇప్పుడు మీరు నాకు చెప్పింది కూడా అదే కదా, తప్పు లేదని? అలాగే రాశాను."

నేను ఓటోగారి మోసం గురించి మళ్ళీ చెప్పబోయాను. ఆయన ఆపారు.

"అది తర్వాత. విలియాముకు తౌలేఆలో పట్టం కట్టిన రోజు మీరు సవాయీ వెళ్ళారా?"

వెళ్ళాను. ఉదయం మొదటి ఓడ ఎక్కాను. అక్కడ మొదటి ప్రార్థన నేనే చేశాను. కొత్త పేరును బిగ్గరగా దేవుని ఎదుట ఎత్తి పలికినవాణ్ణి నేనే. దానికి నాకు వేడుకల్లో కానుకగా ఇచ్చే సన్నచాప ఒకటి, ఒక పెట్టె చేపల డబ్బాలు ఇచ్చారు. చేపలు జూన్ దాకా తిన్నాం.

"మరి పట్టికలో మీ తాళంచెవి ఏమిటి?" అని అడిగారు.

సార్జెంటుగారి ముందున్న కాగితం నా వైపు తిప్పి, మొదట్లో రాసిన నా పేరు మీద వేలు పెట్టాను.  

తర్వాత "పేరు" అన్నాను.

ఆయన తన భుజం మీది ఇత్తడి అంకెలు వేలితో తట్టారు. "నేను ఉద్యోగంలో చేరినప్పుడు మా నాన్న పేరుతో చేరాను. తర్వాత అమ్మ తరఫు పట్టం వచ్చింది. ఆ తర్వాత ఈ ఫైమాలో. మూడు పేర్లు, ఇరవై రెండేళ్ళు. జీతం ఒక్కసారి తప్పలేదు. వాళ్ళు ఫైమాలో అన్న పేరుకి వెయ్యరు, నాలుగు వందల పన్నెండు అన్న నంబరుకి వేస్తారు. పిల్చేటప్పుడు పేరు పెట్టే పిలుస్తారు లెండి" అన్నారు.

ఈయన ఉదయం నా పేరు రాయడానికే రెండుసార్లు అడిగితే, ఈ స్టేషనులో చదువు ఇంతే అనుకున్నాను. అది కూడా రాయమని చెబుతున్నాను.

అబ్రాముకు తొంభై తొమ్మిదో ఏట పేరు మారింది. యాకోబుకు తుంటికీలు తప్పాక మారింది. ఇవన్నీ నేను బోధించినవే. సీమోనుకు ప్రభువు పేతురు అని కొత్త పేరు పెట్టి, అదే నోటితో తాళపుచెవులు చేతికిచ్చాడు. ఆ భాగం మీద నేను పద్నాలుగు ప్రసంగాలు చేశాను, లెక్క నా దగ్గర ఉంది. కొత్త పేరూ తాళంచెవీ పక్కపక్క వచనాల్లో ఉన్నాయి. పద్నాలుగు సార్లు చదివినవాణ్ణి, వెళ్ళి మారిపోయే పేరునే తాళంచెవి చేశాను. మా ఊళ్ళో సగం మంది మగవాళ్ళకు ఎప్పుడో ఒకప్పుడు పేరు మారుతుందని తెలిసి చేశాను. ఆక్లండ్ మనిషి మేజోళ్ళు చూసి నవ్వాను గాని అతను చెప్పింది వినలేదు. ఓటోగారు దొంగ. దొంగ లోపలికి రావడానికి తలుపు నేను పెట్టాను, పైగా ఆ చీకటికి లేఖనంలోంచి పేరు తీసి పెట్టి గర్వపడ్డాను. ఇంతమందిని తక్కువగా చూశాను. ఎసెటా ఒక్కతే సరిగ్గా అడిగింది. నేను ఆమెకు పట్టిక తప్పు చెప్పదని బదులిచ్చాను.

కాబట్టి నా అసలు వాంగ్మూలం ఇది. పదిహేడో ఇంటి విలియాము ఆసో, తౌలేఆలో విలియాము ఒకే మనిషి. ఇది నాకు స్వయంగా తెలుసు, నేనే ఆ పేరు మీద ప్రార్థన చేశాను. 2023 మార్చి 16 నుంచి సెప్టెంబరు 28 దాకా ప్రతి వాయిదా ఆయన కట్టాడు. అప్పటి దాకా ఒక్క తాలా బాకీ లేదు. పట్టిక బాకీ చూపించడానికి కారణం పట్టిక కట్టినవాడి తప్పు, ఆ కట్టినవాణ్ణి నేనే. 2022 జనవరి 10న నేను రాసిచ్చిన ధ్రువపత్రం అబద్ధం. ఆ చీకట్లో మిగిలిన ఏడు వరుసల మనుషులెవరో కూడా వెతికి చెబుతాను. శుక్రవారం కోర్టులో ఇదే మాట నిలబడి చెబుతాను. ఓటోగారు ఉద్యోగం తీసేస్తారు. తీసేయనివ్వండి.

కొత్త పట్టికలు ఎలా ఉండాలో ఈ స్టేషను కాగితం వెనక గీసి ఇచ్చాను, దీనికి జత చేయండి. మనిషికి మారని నంబరు ఒకటి. పేర్లకు విడిగా ఒక పట్టిక, అందులో ఏ పేరు ఏ తేదీ నుంచి అని ఉంటుంది. చెల్లింపు నంబరుకు పడుతుంది, రసీదు మీద మాత్రం ఆ రోజు ఆ మనిషికి ఉన్న పేరే అచ్చవుతుంది. నాలుగో పట్టిక ఉంటుంది గాని దాని పేరు "ఇంకా గుర్తుపట్టనివారు". దాన్ని ప్రతి శుక్రవారం ఒక మనిషి తెరిచి చూడాలి.

చెప్పినదంతా సార్జెంటుగారు నాకు తిరిగి చదివారు. రెండో పేజీలో "ఈ నాలుగు పట్టికల్లో ఎక్కడా తప్పు లేదు" అన్న వాక్యం వచ్చింది. ఆ పేజీ చించేసి శుభ్రంగా మళ్ళీ రాస్తాను, మీకు మంచిది అన్నారు. చించవద్దన్నాను. దాని మీద ఒకే గీత గీయమన్నాను, కింది అక్షరాలు కనిపించేలా. గీశారు. పక్కన నా పొడి అక్షరాలు వేశాను. దిద్దుబాటు ఇదిగో, ఈ కింద ఉంది:

ఆ వాక్యం తప్పు.

మిగతా ప్రతి మాటా నేను చూసినది, చేసినది, నా నోటితో చెప్పినది. ఇందులో ఏదైనా దాచి ఉంటే దేవుని ముందూ న్యాయస్థానం ముందూ జవాబు నాదే.

వేళ: మధ్యాహ్నం 12.05.

(సంతకం) పెనియామినా లౌలు

నా ఎదుట: సార్జెంటు ఫైమాలో, నం. 412